పక్కవాళ్ళ క్లస్టర్‌కి మన ఫైల్ సిస్టమ్ ఇచ్చేముందు: మీ ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల క్లస్టర్ (ఒక్కటిగా పనిచేసేలా కలిపిన మిషన్ల గుంపు, అందులో ఒక్కో మిషన్ ఒక నోడ్) స్టోరేజ్ గురించి నాలుగు ముక్కలు రాశాక ఉత్తరాలు బాగా వచ్చాయండి. అందులో చాలావరకు మన గోదావరి జిల్లాల నుంచీ కోనసీమ నుంచే, దాదాపు అందరిదీ ఒకటే బాధ, డిస్కులు ఒకరివి, వాడేది ఇద్దరు, ఇద్దరికీ అడ్మిన్లు వేరు. అందుకే ఈసారి జాగా మొత్తం దీనికే ఇచ్చేశాను. కాలేజీల పేర్లూ మనుషుల పేర్లూ తీసేశాం.

ప్రశ్న (కాకినాడ నుంచి): నమస్తే మాస్టారూ. నేను ఇక్కడ ఓ ఇంజనీరింగ్ కాలేజీలో సిస్టమ్ అడ్మిన్‌ని. మా దగ్గర 16 నోడ్ల క్లస్టర్ ఉంది, స్టోరేజ్ జీపీఎఫ్ఎస్ (చాలా నోడ్లు ఒకేసారి వాడుకునే ఐబీఎమ్ ఫైల్ సిస్టమ్) మీద నడుస్తుంది. భీమవరం వైపు ఇంకో కాలేజీలో 10 నోడ్ల క్లస్టర్ ఉంది, అక్కడ అడ్మిన్ వేరే ఆయన, యాజమాన్యం కూడా వేరు. గోదావరి వరద మోడల్ మీద రెండు కాలేజీల సివిల్ వాళ్ళూ కలిసి పనిచేస్తున్నారని మా ఫైల్ సిస్టమ్ వాళ్ళ నోడ్ల మీద మౌంట్ చేశాం, అంటే వాళ్ళ మిషన్లలో సొంత ఫోల్డర్‌లా కనిపించేలా తగిలించాం. మౌంట్ బానే అయింది. కానీ మా మేడమ్ గారి ఫోల్డర్ వాళ్ళ దగ్గర చూస్తే ఎవరో బీటెక్ కుర్రాడి పేరు మీద కనిపిస్తోంది, ఆ కుర్రాడు అందులో కొన్ని ఫైళ్ళు తీసేశాడు కూడా. ఇదేం బగ్గండి?

జవాబు: బగ్ కాదండి. దాని తీరే అంత, అందుకే మౌంట్ చేసేటప్పుడు ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. ముందు వాళ్ళ వైపు మౌంట్ ఇవాళే తీసెయ్యండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. రీడ్ ఓన్లీ చేస్తే చాలదా అనుకోకండి, తుడవడం ఆగుద్ది గానీ ఒకరివి ఒకరు చదవడం ఆగదు.

ఇప్పుడు సంగతి. ఫైలు ఎవరిదో డిస్క్ మీద పేరు రాసి ఉండదు, నంబరు రాసి ఉంటుంది, దాన్నే యూఐడీ అంటాం. మనం లిస్టు కొట్టినప్పుడు కనిపించే పేరు, ఆ మిషన్ తన పాస్‌వర్డ్ ఫైల్లోనో, ఎల్‌డాప్ అనే యూజర్ల ఉమ్మడి చిట్టాలోనో ఆ నంబరు ఎవరిదా అని చూసి అప్పటికప్పుడు వేసేది. మీ నోడ్ మీద ఎల్ఎస్ మైనస్ ఎల్ఎన్ కొట్టండి, పేర్ల బదులు నంబర్లే వస్తాయి, మేడమ్ గారి ఫోల్డర్ పక్కన ఏ 1003 అనో ఉంటుంది. అదే కమాండు భీమవరం నోడ్ మీద కొట్టినా 1003 అనే వస్తుంది, ఇసుమంత తేడా ఉండదు. కానీ మీ దగ్గర 1003 అంటే మేడమ్ గారు, వాళ్ళ దగ్గర 1003 అంటే ఆ కుర్రాడు. ఉబుంటూ అయినా కొత్త రెడ్‌హ్యాట్ అయినా మొదటి మామూలు యూజర్‌కి 1000 ఇచ్చి అక్కణ్ణుంచి పెంచుకుంటూ పోద్ది, పాత రెడ్‌హ్యాట్ 6 దాకా అయితే 500 నుంచి మొదలు. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా కట్టిన రెండు క్లస్టర్లలో మొదటి యాభై నంబర్లూ ఢీకొనకుండా ఉంటే ఆశ్చర్యపోవాలి. ఇంకో మాట గట్టిగా చెప్తున్నా, ఆ కుర్రాడి తప్పు అస్సలు లేదు, తన పేరు మీద కనిపించిన ఫోల్డర్‌లో పాత ఫైళ్ళు తీసుకున్నాడు, అంతే. అతన్ని ఎవరూ ఏమీ అనకుండా చూడండి.

నేనైతే ముందు నంబర్ల పంపకం చేస్తాను. మీకు 20000 నుంచి 29999, వాళ్ళకి 30000 నుంచి 39999 అని రాసుకోండి, వరద ప్రాజెక్టులో ఉన్నవాళ్ళకి మాత్రం 40000 నుంచి ఇచ్చి ఆ నంబరు రెండు చోట్లా అదే మనిషికి ఉండేలా చూడండి. గ్రూపులకీ ఇలాగే, గ్రూపు నంబరు, అంటే జీఐడీ, మర్చిపోతారు చాలామంది. ఎవరైనా కాలేజీ వదిలి వెళ్ళిపోతే ఆ నంబరు ఇంకొకళ్ళకి ఇవ్వకండి, నంబర్లకేం కరువు లేదు, యూఐడీ 32 బిట్లు. పాత మనిషి ఫైలు ఏ మూలో ఉండిపోయి కొత్త మనిషి సొత్తు అయిపోద్ది.

నంబర్లు మార్చడం దగ్గర నేను చేసిన పొరపాటు చెప్తాను, మీరు చెయ్యకండి. చాలా ఏళ్ళ కిందట నేను పనిచేసిన ఒక చోట రెండు జాబితాలు కలిపి, అక్షర క్రమంలో పేర్చి, మళ్ళీ 1001 నుంచే కొత్త నంబర్లు ఇచ్చాను, చూడ్డానికి శుభ్రంగా ఉంటుందని. స్క్రిప్టు వరసకి ఒకటి చొప్పున మార్చుకుంటూ పోయింది. మొదటి వరస, 1001 వి 1002 చెయ్యి. చేసింది. రెండో వరస, 1002 వి 1003 చెయ్యి. అప్పటికి 1002 కింద ఇద్దరి ఫైళ్ళు ఉన్నాయి కదండి, ఇద్దరివీ 1003 అయిపోయాయి. మూడోదానికి ముగ్గురివి. అది అలా దొర్లుకుంటూ పోయి తెల్లారేసరికి చాలామంది ఏళ్ళ తరబడి చేసుకున్న పనంతా జాబితాలో ఆఖరి మనిషి పేరు మీదకి చేరింది. డేటా పోలేదు, ఏది ఎవరిదన్న లెక్క పోయింది. బ్యాకప్‌లో ఉన్నవి తేలిగ్గా తేలాయి, బ్యాకప్ తర్వాత పుట్టిన ఫైళ్ళకి మాత్రం జగ్గన్నతోట తీర్థంలో తప్పిపోయిన పిల్లల్ని అమ్మానాన్నలకి అప్పజెప్పినట్టు ఒక్కో ఫోల్డరూ తెరిచి ఇది మీదా అండి, ఇది మీదా అండి అని అడుగుతూ తిరిగాను. అందుకే కొత్త నంబర్లు పాత నంబర్లతో ఎక్కడా కలవని చోట మొదలవ్వాలి, 20000 అన్నది అందుకే.

ఇంకా ఉంది. ఓనర్‌ని మార్చినంత మాత్రాన ఏసీఎల్‌లో (ఓనర్ కాక ఇంకెవరికి ఏ హక్కో రాసే జాబితా) ఉన్న నంబర్లు మారవు, ఫలానా 1007 కి చదివే హక్కు అని ఏసీఎల్‌లో ఉంటే అది అలాగే ఉండిపోద్ది, వాటిని విడిగా వెతికి మార్చాలి. సెట్‌యూఐడీ బిట్ (ఎవరు నడిపినా ఓనర్ హక్కులతో నడిపించే గుర్తు) ఉన్న ప్రోగ్రాములకి ఓనర్‌ని మారిస్తే ఆ బిట్ ఎగిరిపోద్ది, మళ్ళీ పెట్టుకోవాలి. మారుస్తున్నప్పుడు ఏ జాబూ (క్లస్టర్‌కి అప్పజెప్పిన పని) నడవకూడదు. ముందురోజే క్యూ ఆపెయ్యండి.

నంబర్లు మార్చడం కుదరదు, మా దగ్గర రెండు వేలమంది విద్యార్థులున్నారు అంటే జీపీఎఫ్ఎస్‌లో ఇంకో దారి ఉంది, అక్కడి నంబరుని అందరికీ ఒకటే అయిన ఒక పేరుగా మార్చి, ఆ పేరుని ఇక్కడి నంబరుగా మార్చే స్క్రిప్టులు మనమే రాసి ఇస్తే అది వాటిని పిలుచుకుంటుంది. పనిచేస్తుంది. కానీ ఆ పట్టిక ఇద్దరు అడ్మిన్లూ రోజూ సరిగ్గా ఉంచాలి, ఒకళ్ళు బద్ధకిస్తే మళ్ళీ మొదటికొస్తుంది. మీ రెండు కాలేజీల మధ్య 14 మందో 20 మందో అయితే నంబర్ల పంపకమే మేలని నా అభిప్రాయం.

ప్రశ్న (పాలకొల్లు నుంచి): ఈ నంబర్ల గొడవ ఎందుకండి, ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్ళు పంచుకునే పద్ధతి) నాలుగో వర్షన్ వాడితే పేర్లతోనే పోద్ది కదా?

జవాబు: చాలామంది నమ్మే మాట ఇది, నేనూ కొన్నాళ్ళు నమ్మాను. నాలుగో వర్షన్‌లో ఫైలు ఓనర్ ఎవరని అడిగితే పేరు ఎట్ డొమైన్ అని పంపే ఏర్పాటు ఉన్నమాట నిజం. కానీ అది చూపించడానికీ ఓనర్‌ని మార్చడానికీ. ఈ ఫైలు తెరవనివ్వాలా వద్దా అని సర్వర్ తేల్చుకునేది వేరే చోట, ప్రతి రిక్వెస్టుతోపాటు వచ్చే గుర్తింపు చూసి. మనం మామూలుగా వాడే సిస్ పద్ధతిలో ఆ గుర్తింపు మళ్ళీ ఉత్త యూఐడీ నంబరే, క్లయింట్ మిషన్ ఏ నంబరు చెప్తే సర్వర్ అది నమ్ముతుంది. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ ఎన్ఎఫ్ఎస్ తెచ్చినప్పుడు అన్ని మిషన్లూ ఒకే అడ్మిన్ చేతిలో ఉంటాయి కాబట్టి సరిపోయింది. ఇంకో చిక్కు, ఆ పద్ధతిలో ఒక మనిషికి 16 గ్రూపుల దాకానే వెళ్తాయి, పదిహేడో గ్రూపు ద్వారా రావాల్సిన హక్కు చడీచప్పుడు లేకుండా రాదు, మేడమ్‌కి వస్తోంది నాకు రావట్లేదు అని ఎవరైనా అంటే ముందు గ్రూపులు లెక్కపెట్టండి.

పేరుతోనే పనవ్వాలంటే కెర్బరోస్ అనే గుర్తింపు పద్ధతి పెట్టుకోవాలి. అప్పుడు మిషన్ మాట కాదు, మనిషి తెచ్చిన టికెట్టు చూస్తుంది. కార్నెగీ మెలన్‌లో పుట్టిన ఏఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఈ దారిలోనే నడిచింది, ఒక్కో సంస్థ ఒక్కో సెల్, ఎవరి సెల్‌కి వాళ్ళే పెద్ద, చూసేవాడికి మాత్రం మొత్తం ఒకే చెట్టులా కనిపిస్తుంది. రెండు కష్టాలు మాత్రం తప్పవు. ఒకటి గడియారాలు, మామూలు సెట్టింగులో 5 నిమిషాలకి మించి తేడా ఉంటే టికెట్టు చెల్లదు, కాబట్టి రెండు చోట్లా గడియారాలు సరిచేసే ఎన్‌టీపీ నడవాల్సిందే. రెండోది బ్యాచ్ జాబులు, టికెట్టుకి గంటల్లో గడువు ఉంటుంది, మీ వరద మోడల్ మూడు రోజులు నడుస్తుంది, మొదటిరోజు రాత్రే టికెట్టు అయిపోయి జాబు రాయలేక పడిపోద్ది. దాన్ని రెన్యూ చేసే ఏర్పాటు జాబు షెడ్యూలర్‌లో ముందే పెట్టుకోండి.

ప్రశ్న (తణుకు నుంచి): మా స్టోరేజ్‌ని పక్క కాలేజీ క్లస్టర్‌కి ఇవ్వబోతున్నాం. అక్కడి అడ్మిన్ మంచి మనిషే అండి, నాకు అన్నయ్య లాంటోడు. కానీ ఆయన రూట్ (మిషన్ మీద అన్ని హక్కులూ ఉన్న యూజర్) మా దగ్గర కూడా రూట్ అవుతుందా? అడిగితే నమ్మకం లేదనుకుంటాడేమోనని అడగలేకపోతున్నా.

జవాబు: అడగండి. ఆయన నిజంగా మంచి అడ్మిన్ అయితే ఆయనే ముందు అడిగి ఉండాల్సింది. తప్పుగా ఏం అనుకోరు.

జీపీఎఫ్ఎస్‌లో ఇంకో క్లస్టర్‌కి మీరు అనుమతి ఇచ్చేటప్పుడు రూట్‌ని వేరే నంబరుకి మళ్ళించమని చెప్పకపోతే, అవును, అక్కడి రూట్ మీ ఫైల్ సిస్టమ్‌లో కూడా రూటే. ఎమ్ఎమ్‌ఆత్ గ్రాంట్ అనే అనుమతి కమాండు ఇచ్చేటప్పుడు మైనస్ ఆర్ పెట్టి ఏ హక్కూ లేని ఒక యూఐడీ, జీఐడీ ఇవ్వండి. ఎన్ఎఫ్ఎస్‌లో లైనక్స్ సర్వర్ అయితే రూట్ స్క్వాష్ దానంతటదే ఉంటుంది, రూట్‌గా వచ్చినవాణ్ణి నోబడీ కింద, అంటే 65534 కింద కడుతుంది.

కానీ ఇక్కడే ఒక మాట చెప్పాలి, ఇది చెప్పకుండా రూట్ స్క్వాష్ గురించి మాత్రమే చెప్పి వదిలేస్తే మిమ్మల్ని మోసం చేసినట్టు అవుద్ది. అక్కడ రూట్ ఉన్నవాడు ఎస్‌యూ కొట్టి ఏ యూజర్‌గా అయినా మారగలడు. మీ ప్రిన్సిపాల్ గారి యూఐడీ 20011 అనుకోండి, ఆయన తన మిషన్ మీద 20011 తో ఒక యూజర్ సృష్టించుకుని అందులోకి వెళ్తే మీ ఫైల్ సిస్టమ్ దృష్టిలో ఆయనే ప్రిన్సిపాల్ గారు. రూట్ స్క్వాష్ దీన్ని ఆపదు. ఆయన చేస్తాడని కాదండి, ఆయన మిషన్‌లోకి రేపు ఎవడైనా దూరితే వాడు చేస్తాడు. అంటే మీరు మౌంట్ ఇచ్చారంటే మీ డిస్క్ జాగా ఒక్కటే కాదు, అందులో ఉన్న ప్రతి మనిషి ఫైళ్ళనీ ఆయన జాగ్రత్త మీద పెట్టారన్నమాట.

కాబట్టి ఇవ్వాల్సింది ఎంతో అంతే ఇవ్వండి. మీ హోమ్ డైరెక్టరీలూ పరీక్షల మార్కులూ ఉన్న ఫైల్ సిస్టమ్ అస్సలు వద్దు, ఉమ్మడి ప్రాజెక్టు కోసం కొన్ని డిస్కులు పక్కకి తీసి చిన్న ఫైల్ సిస్టమ్ విడిగా కట్టి అదొక్కటే ఇవ్వండి. లస్టర్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్ వాడేవాళ్ళకయితే నోడ్‌మ్యాప్ అని చక్కటి ఏర్పాటు ఉంది, ఫలానా నెట్‌వర్క్ అడ్రసుల నుంచి వచ్చే క్లయింట్లకి ఈ నంబర్లే చెల్లుతాయి, ఇవి ఇలా మారతాయి, తెలియని నంబరు వస్తే నోబడీ, పైగా ఈ ఒక్క ఉప డైరెక్టరీనే కనిపిస్తుంది అని సర్వర్ వైపే కట్టెయ్యొచ్చు. సర్వర్ వైపు కట్టడం అన్నదే ముఖ్యం, అవతలి మిషన్ సెట్టింగు మీద మన భద్రత ఆధారపడకూడదు. వాళ్ళ వైపు కూడా మీ ఫైల్ సిస్టమ్‌ని నోసూయిడ్ (సెట్‌యూఐడీ చెల్లదు), నోడెవ్ (డివైస్ ఫైళ్ళు చెల్లవు) పెట్టి మౌంట్ చేసుకోమనండి, మీ డిస్క్ మీద ఎవరో పెట్టిన సెట్‌యూఐడీ ప్రోగ్రామ్ వాళ్ళ దగ్గర రూట్ అవ్వకుండా అది వాళ్ళకి రక్ష. అడగడానికి మొహమాటంగా ఉంది అన్నారు కదా, ఇక్కణ్ణుంచి మొదలెట్టండి, అన్నయ్యా మా డిస్క్ వల్ల నీకు ఇబ్బంది రాకుండా ఇది పెట్టుకో అని. రెండో మాటగా మీది చెప్పండి.

ఒకటి మర్చిపోయాను. జాబులు పంచే స్లర్మ్ వాడుతుంటే, అందులో ఏ యూజరో రుజువు చేసే మంజ్ కీ ఇద్దరూ ఒకటే పెట్టుకోవద్దు, పని తేలికవుద్దని కొందరు కాపీ చేసుకుంటున్నారు. ఆ కీ ఉన్న మిషన్ ఎవరి పేరు మీదైనా నేనే ఫలానా అని చెప్పగలదు. ఎవరి క్లస్టర్ కీ వాళ్ళది.

ప్రశ్న (కాకినాడ నుంచే, ఇంకొకరు): జీపీఎఫ్ఎస్‌కి మేం మా కాంటాక్ట్ నోడ్ ఒక్కదానికి పోర్టు తెరిచాం. కొన్ని నోడ్ల మీద మౌంట్ అవుతుంది, కొన్నిటి మీద అవ్వదు, ఒక్కోసారి అయినవి కూడా ఊడిపోతున్నాయి. పబ్లిక్ కీ వాట్సాప్‌లో పంపుకున్నాం, దానివల్లా?

జవాబు: కీ వల్ల కాదు. కాంటాక్ట్ నోడ్ అన్నది మొదటిసారి గుమ్మం దగ్గర పలకరించడానికే, ఆ తర్వాత పని అంతా నోడ్‌కీ నోడ్‌కీ నేరుగా. వాళ్ళ నోడ్ ఒకటి ఒక ఫైలు రాస్తుంటే, అదే ఫైలు మీద మీ నోడ్ దగ్గర టోకెన్ (ఆ ఫైలు వాడుకునే హక్కు చీటీ) ఉంటే, రెండూ మాట్లాడుకోవాలి. మీకు 16, వాళ్ళకి 10 అనుకుంటే 160 జతలు, ప్రతి జతా రెండు వైపుల నుంచీ టీసీపీ 1191 మీద అందాలి. ఒక్క జత మూసుకుపోయినా, అందని నోడ్‌ని బయటికి నెట్టేస్తారు, మీకు ఊడిపోతున్నది అదే. పైగా వాళ్ళ వైపు నోడ్లు నాట్ (లోపలి అడ్రసులు బయటికి కనపడకుండా మార్చే ఏర్పాటు) వెనకాల 10 డాట్ అడ్రసులతో ఉంటే ఇది అవ్వదు, రెండు వైపులా ఒకరికొకరు కనిపించే అడ్రసులు కావాలి, అందుకని ముందు నెట్‌వర్క్ వాళ్ళని పిలిచి కూర్చోబెట్టి 26 అడ్రసుల జాబితా ఇద్దరి ఫైర్‌వాల్‌లోనూ ఎక్కించండి.

పబ్లిక్ కీ వాట్సాప్‌లో పంపడం తప్పు కాదు, అది దాచాల్సింది కాదు. కానీ వచ్చింది ఆయన పంపిందేనా అన్నది తేల్చుకోవాలి, ఫోన్ చేసి కీ డైజెస్ట్‌లో (కీ నుంచి లెక్కగట్టిన పొట్టి గుర్తు) అంకెలు చదివి సరిచూసుకోండి. ఇంకోటి, ఆథ్‌ఓన్లీ అని పెడితే ఎవరన్నది మాత్రమే చూస్తుంది, డేటా లైన్ మీద విప్పిన ఉత్తరంలాగే పోద్ది, బయటి ప్రొవైడర్ లైన్ అయితే డేటాని కూడా గుప్తంగా పంపే పూర్తి సైఫర్ పెట్టండి, కాస్త నెమ్మదిస్తుంది, పర్లేదు.

ప్రశ్న (రాజోలు నుంచి): తుఫానుకి లైన్ తెగినప్పుడల్లా మా క్లస్టర్ మొత్తం బిగుసుకుపోతుందండి. స్టోరేజ్ అవతలి ఊళ్ళో ఉంది, సరే, దాని పని ఆగాలి. కానీ మా సొంత డిస్క్ మీద పని కూడా ఆగిపోతుంది, లాగిన్ కూడా అవ్వట్లేదు. సాఫ్ట్ మౌంట్ పెట్టమని ఒకాయన చెప్పాడు.

జవాబు: సాఫ్ట్ పెట్టకండి. ఎన్ఎఫ్ఎస్ హార్డ్ మౌంట్‌లో సర్వర్ కనపడకపోతే క్లయింట్ తిరిగి వచ్చేదాకా అడుగుతూనే ఉంటుంది, ఆ ప్రాసెస్ పీఎస్ కమాండులో డీ అక్షరంతో కనిపిస్తుంది, లైన్ వచ్చాక ఆగిన చోట నుంచే నడుస్తుంది. సాఫ్ట్‌లో అయితే కాసేపు చూసి ఎర్రర్ ఇచ్చేస్తుంది, ప్రోగ్రామ్ రాసినవాడు ఆ ఎర్రర్ చూసుకోకపోతే, చాలామంది చూసుకోరు, సగం రాసిన ఫైలు పూర్తి ఫైలు లాగే మిగులుద్ది. వరద నీటిమట్టాల లెక్కలో అలాంటి ఫైలు ఒకటి దూరితే తర్వాత ఎవరు పట్టుకుంటారండి? ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75 కి, మూడోది 17.75 కి ఇస్తారు, రెండడుగుల తేడాకి ఊళ్ళు ఖాళీ చేయించే చోట సగం ఫైలు మీద లెక్క కట్టడం కంటే జాబు ఆగి నిలబడడమే నయం.

మీ అసలు జబ్బు వేరే. సొంత పని కూడా ఆగుతుంది అంటే మీ దారిలో ఎక్కడో అవతలి ఊరి డిస్క్ అడ్డం పడుతోంది. లాగిన్ స్క్రిప్టులో పాత్ (కమాండుల కోసం షెల్ వెతికే ఫోల్డర్ల వరస) చూడండి, లైబ్రరీ పాత్ చూడండి, అవతలి మౌంట్‌లో ఉన్న ఏ బిన్ ఫోల్డరో అందరికంటే ముందు ఉండి ఉంటుంది, అప్పుడు ఎల్ఎస్ కొట్టినా షెల్ ముందు అక్కడికే వెళ్ళి వెతుకుద్ది. దాన్ని తీసెయ్యండి. హోమ్ డైరెక్టరీలు ఎప్పుడూ ఇంట్లో డిస్క్ మీదే. డీఎఫ్ (డిస్కుల్లో ఖాళీ చూపే కమాండు) కొట్టే మానిటరింగ్ స్క్రిప్టులు ఉంటే మైనస్ ఎల్ పెట్టండి, లోకల్ డిస్కులు మాత్రమే చూస్తుంది, లేకపోతే 5 నిమిషాలకోటి చొప్పున బిగుసుకున్న డీఎఫ్‌లు వందలు పేరుకుని లోడ్ ఎక్కడికో పోద్ది, మీ నోడ్ బిగుసుకుపోవడంలో సగం అదే అయ్యుంటుంది. అవతలి ఫైల్ సిస్టమ్‌ని ఆటోమౌంట్ కింద పెడితే వాడనప్పుడు దానంతటదే దిగిపోద్ది, లైన్ తెగే సమయానికి మౌంట్ లేకపోతే బాధే లేదు.

ప్రశ్న (భీమవరం నుంచి): పక్క కాలేజీ స్టోరేజ్ మా నోడ్ల మీద ఏడాదిగా వాడుతున్నాం. పోయిన ఆదివారం వాళ్ళు వర్షన్ పెంచారట, సోమవారం నుంచి మాకు మౌంట్ అవ్వట్లేదు. మాకు ఒక్క మాట చెప్పలేదు. వాళ్ళదే తప్పు కదండి?

జవాబు: చెప్పకపోవడం తప్పే. ఏం జరిగిందో నా ఊహ చెప్తాను. జీపీఎఫ్ఎస్‌లో సాఫ్ట్‌వేర్ కొత్తది వేశాక ఫైల్ సిస్టమ్ ఫార్మాట్‌ని కూడా పెంచుకోవాలి, ఎమ్ఎమ్‌సీహెచ్ఎఫ్ఎస్ మైనస్ వీ. దానికి ఫుల్ అని ఇవ్వొచ్చు, కంపాట్ అని ఇవ్వొచ్చు. కంపాట్ ఇస్తే వెనకటి రిలీజ్‌తో పొసిగే మార్పులే చేస్తుంది. ఫుల్ ఇస్తే కొత్తవన్నీ వచ్చేస్తాయి, పాత వర్షన్‌లో ఉన్న బయటి క్లస్టర్లు ఇక దాన్ని మౌంట్ చెయ్యలేవు. ఒక్కసారి ఫుల్ ఇచ్చాక వెనక్కి రాదు. వాళ్ళు ఫుల్ ఇచ్చి ఉంటే, మీరు మీ నోడ్లని పెంచుకోవడం తప్ప దారి లేదు, పెంచుకోండి.

మన డెల్టాలో కాలువల సంగతి చూడండి, ఒకటే గోదావరి, తూర్పు కాలువకి తలుపులు ధవళేశ్వరంలో, మధ్య డెల్టాకి బొబ్బర్లంకలో, పశ్చిమానికి విజ్జేశ్వరంలో. వేసవిలో రిపేర్లకి కాలువలు కట్టేసేముందు ఫలానా తారీకున కట్టేస్తాం, ఫలానా రోజు వదులుతాం అని ముందే చెప్తారు, ఆ తారీకు చూసుకునే చెరువులు నింపుకుంటాం, నారుమళ్ళు పోసుకుంటాం. ఫైల్ సిస్టమ్ సొంతగాళ్ళకీ ఆ బాధ్యత ఉంది. డిస్కులు కలపడం, కోటాలు, ఫార్మాట్, పాత ఫైళ్ళు తుడిచే నియమం, అన్నీ సొంత క్లస్టర్ చేతిలోనే ఉంటాయి, మౌంట్ చేసుకున్న క్లస్టర్‌కి అందులో దేని మీదా చెయ్యి లేదు. చెయ్యి లేనప్పుడు కనీసం కబురు ఉండాలి.

ఇద్దరూ కూర్చుని ఒక పేజీ రాసుకోండి. వర్షన్ పెంచే ముందు ఎన్ని రోజులు చెప్పాలి, ఎంత జాగా మీది, బ్యాకప్ ఎవరు తీస్తారు, మీవైపు నుంచి ఫైలు పోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి. అవసరం వస్తే అవతలివాళ్ళని అడక్కుండానే ఎవరి వైపు వాళ్ళు కోసెయ్యొచ్చు అన్నది కూడా రాయండి, అది కోపంతో కాదు, రాత్రి రెండింటికి మిషన్‌లోకి ఎవడో దూరాడని తెలిస్తే అనుమతి కోసం ఎదురుచూడకూడదు. వాళ్ళకి ఎమ్ఎమ్‌ఆత్ డినై ఉంది, మీకు అన్‌మౌంట్ ఉంది. సంతకాలు ప్రిన్సిపాళ్ళవి ఉంటే ఇంకా మంచిది, అడ్మిన్లు మారిపోతుంటారు.

ప్రశ్న (అమలాపురం నుంచి): మేం రొయ్యల చెరువుల ఫోటోల మీద మోడల్ తయారుచేస్తున్నాం. ఫోటోలు మా దగ్గర 2 టీబీ, జీపీయూలు వేరే ఊళ్ళో. మౌంట్ మంచిదా, కాపీ మంచిదా?

జవాబు: కాపీ. ఆలోచించక్కర్లేదు. మీ ఫోటోలు ఒకసారి తీశాక మారవు, మారని డేటాకి రెండు ఊళ్ళ మధ్య లాకులూ టోకెన్లూ ఎందుకండి. 1 గిగాబిట్ లైన్ నిండుగా నడిస్తే సెకనుకి 125 ఎంబీ, 2 టీబీకి నాలుగున్నర గంటలు, రాత్రి పడుకునేముందు కాపీ చేసే ఆర్‌సింక్ పెడితే తెల్లారేసరికి అక్కడ ఉంటుంది. అదే మౌంట్ మీద అయితే 10 లక్షల ఫోటోలు ఒక్కోటి తెరవడానికి ఒక రాకపోక, రాకపోకకి 5 మిల్లీసెకన్లు అనుకున్నా ఒకదాని తర్వాత ఒకటి అయితే 5000 సెకన్లు ఉత్త ఎదురుచూపే, ట్రైనింగ్‌లో ప్రతి రౌండుకీ అదే మళ్ళీ. ఫోటోలని వెయ్యి చొప్పున టార్ (ఒకే మూట ఫైలు) కట్టి పంపండి, కాపీ కూడా ఇంకా జోరుగా అవుద్ది. ఇద్దరూ ఒకే ఫైలుని ఒకే రోజు రాయాల్సిన పని ఉంటేనే మౌంట్ గురించి ఆలోచించండి, అలాంటి పని నేను అనుకున్నదానికన్నా చాలా తక్కువచోట్లే చూశాను.

ప్రశ్న (రావులపాలెం నుంచి, డిగ్రీ విద్యార్థి): నాకు ఈ పని నేర్చుకోవాలనుంది సార్. మా కాలేజీలో క్లస్టర్ లేదు, నా దగ్గర ఒక లాప్‌టాప్ ఉంది.

జవాబు: అది చాలు బాబూ. వర్చువల్‌బాక్స్‌లో రెండు లైనక్స్ మిషన్లు పెట్టుకో, ఒకదానికి తూర్పు అనీ ఇంకోదానికి పశ్చిమం అనీ పేరు పెట్టుకో. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పుట్టిన యూజర్ రెండిట్లోనూ 1000 అయ్యుంటాడు, ఆ తర్వాత ఒకదాంట్లో సీత అని, ఇంకోదాంట్లో రాజు అని యూజర్లని చెయ్యి, ఇద్దరికీ 1001 వచ్చిందో లేదో ఐడీ కమాండుతో చూసుకో. తూర్పు మీద ఒక ఫోల్డర్‌ని ఎన్ఎఫ్ఎస్ సర్వర్‌తో రాసే హక్కుతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి, సీతగా లాగినై అందులో ఒక ఫైలు చేసి 600 పర్మిషన్ పెట్టు, అంటే సీత తప్ప ఎవరూ చదవకూడదు. పశ్చిమం మీద దాన్ని మౌంట్ చేసి ముందు రూట్‌గా తెరవడానికి చూడు, రాదు, ఎందుకు రాలేదో పైన తణుకు వాళ్ళకి రాసిన జవాబులో ఉంది. తర్వాత రాజుగా లాగినై అదే ఫైలు తెరువు. తెరుచుకుంటుంది. ఆ తర్వాత సీతకి 20001 ఇచ్చి, ఆ ఫైలుకి కూడా మార్చి, మళ్ళీ రాజుగా వెళ్ళి చూడు. ఏం కనిపించిందో, ఓనర్ జాగాలో పేరు వచ్చిందో నంబరు వచ్చిందో మాకు రాసి పంపు.